పక్క సీటు మీద పెట్టిన బ్యాగు

మీరు అడిగింది మూడు విషయాలు. ప్రేమనవలలు రాసేవాళ్ళకు కథలు ఎక్కడ దొరుకుతాయి? రోజూ ఎలా కూర్చుని రాస్తారు? జీవితంలో చెప్పుకోదగ్గ ప్రేమ అనుభవం లేని మనిషి ప్రేమకథ రాయొచ్చా? వీటితో పాటు మీరు రోజూ ఎక్కే బస్సులో చూసిన ఒక సంగతి కూడా రాశారు. ఏడాదిగా పక్కపక్క సీట్లలో కూర్చుంటూ ఒక్క మాట కూడా మాట్లాడుకోని ఇద్దరు. ఒకరోజు అతను రాలేదు. ఆమె తన బ్యాగు తీసి అతని సీటు మీద పెట్టింది. దాన్ని కథగా మొదలుపెట్టారు. మర్నాడు అతను తిరిగొస్తాడు, ఆమె "నిన్న రాలేదేం?" అని అడుగుతుంది, అక్కడితో రెండు పేజీలు నిండాయి, ఆ తర్వాత కలం కదలడం లేదన్నారు.

నేను ఇరవై ఆరేళ్ళుగా ప్రేమనవలలే రాస్తున్నాను. పంతొమ్మిది అచ్చయ్యాయి, ఇరవయ్యోది సగంలో ఉంది. నా అనుభవంలో తెలిసినంత వరకు చెప్తాను. కాస్త పొడుగవుతుంది.

ముందు ఆ బ్యాగు గురించి. నాకది చాలా నచ్చింది. కానీ అదింకా తునకే, కథ కాలేదు. ఇద్దరు ఒకరినొకరు ఇష్టపడ్డారన్న సంగతి ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు. ఇష్టపడి కూడా చెప్పుకోలేకపోయారంటే మాత్రం "ఎందుకు?" అని చదివేవాళ్ళు అడుగుతారు. మూడు వందల పేజీలు నడిపించేది ఆ "ఎందుకు". మీ కథలో రెండో పేజీలోనే ఆమె నోరు తెరిచి అడిగేసింది. ఇద్దరి మధ్యా ఉన్న అడ్డు అక్కడే తొలగిపోయింది. ఇక రాయడానికి ఏం మిగలలేదు కాబట్టే మీ కలం ఆగింది. మీకు ప్రతిభ లేక కాదు, దయచేసి అలా అనుకోకండి.

నా దగ్గర ఎప్పుడూ ఒక చిన్న నోటుబుక్కు ఉంటుంది. అందులో ఇలాంటి తునకలు మాత్రమే రాసుకుంటాను. "ఆసుపత్రి వరండాలో పోట్లాడుకుంటున్న భార్యాభర్తలు. నర్సు పేరు పిలవగానే ఇద్దరూ ఒకేసారి లేచి చేతులు పట్టుకున్నారు." "అందరితో గలగలా మాట్లాడే మనిషి, ఆమెతో మాట్లాడేటప్పుడు మాత్రం వాక్యం పూర్తి చేయడు." ఏదీ రెండు మూడు లైన్లు దాటదు. తేదీ వేసి, కింద ఒక లైను ఖాళీగా వదిలేస్తాను. ఆ ఖాళీ "ఎందుకు" కోసం. కొన్నిటికి వారంలో జవాబు దొరుకుతుంది, కొన్నిటికి పదేళ్ళు దాటినా దొరకదు. చాలాసార్లు ఒక తునకకు జవాబు ఇంకో తునకలో ఉంటుంది. పరిస్థితి ఒకచోట దొరికితే కారణం మరోచోట దొరుకుతుంది. ఆ రెండూ ఎదురుపడిన రోజున నాకు నిద్ర పట్టదు.

ఇలా ఎప్పుడో విన్న మాట ఇంకేదో పని చేస్తుండగా పైకి రావడం పాత రచయితలకూ జరిగింది. 1739లో లండన్‌లో శామ్యూల్ రిచర్డ్‌సన్ అనే ప్రింటర్‌ను ఇద్దరు పుస్తక వ్యాపారులు నమూనా ఉత్తరాల పుస్తకం ఒకటి రాసిపెట్టమన్నారు. సొంతంగా ఉత్తరం రాసుకోవడం రానివాళ్ళు చూసి రాసుకోవడానికి. అప్పటికి ఆయనకు 50 ఏళ్ళు, ఒక్క నవల కూడా రాయలేదు. పరాయి ఇళ్ళలో పనికి కుదిరే ఆడపిల్లలు తమను తాము ఎలా కాపాడుకోవాలో చెప్పే ఉత్తరాలు రాస్తుంటే, ఎన్నో ఏళ్ళ కిందట ఎవరో చెప్పగా విన్న ఒక అమ్మాయి కథ గుర్తొచ్చింది. నవంబరు 10న మొదలుపెట్టి, 1740 జనవరి 10కల్లా 'పమేలా' పూర్తి చేశాడు. నవలంతా ఉత్తరాలే. కథ పాత జ్ఞాపకం ఇచ్చింది, రూపం చేతిలో ఉన్న పని ఇచ్చింది. అందుకే కొత్తగా రాసేవాళ్ళకు నేనెప్పుడూ చెప్తుంటాను: మీ ఉద్యోగాన్ని రాతకు శత్రువుగా చూడకండి.

ఇక నాకు అన్నిటికంటే ఎక్కువ కథలిచ్చిన చోటు చెప్తే మీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు. మన అలంకారశాస్త్రం. భరతుడి నాట్యశాస్త్రంలో ఎనిమిది రకాల నాయికలున్నారు కదా. డిగ్రీలో మార్కుల కోసం బట్టీపట్టాను. ప్రియుడొస్తాడని ఇల్లు సర్ది, తానూ అలంకరించుకుని కూర్చున్నది వాసకసజ్జిక. రావాల్సినవాడు ఆలస్యమైతే తల్లడిల్లేది విరహోత్కంఠిత. రమ్మన్నచోటికి వెళ్తే అతను రాక భంగపడినది విప్రలబ్ధ. ఇంకొకరి దగ్గర గడిపొచ్చిన అతన్ని చూసి రగిలిపోయేది ఖండిత. పోట్లాడి పంపించేసి, ఆ తర్వాత కుమిలిపోయేది కలహాంతరిత. అతను దూరదేశంలో ఉంటే రోజులు లెక్కపెట్టుకునేది ప్రోషితభర్తృక. ఎవరేమనుకున్నా తానే బయలుదేరి వెళ్ళేది అభిసారిక. అతన్ని తన ప్రేమతో కట్టేసుకున్నది స్వాధీనభర్తృక.

మూడో నవల మధ్యలో చిక్కుకుపోయినప్పుడు ఇవి మళ్ళీ గుర్తొచ్చాయి. అప్పటిదాకా వీళ్ళను ఎనిమిదిమంది వేర్వేరు ఆడవాళ్ళనుకునేదాన్ని. ప్రేమలో ఉన్న ఏ మనిషైనా ఏదో ఒక రోజు వచ్చి నిలబడే ఎనిమిది చోట్లుగా చూస్తే దారి దొరికింది. నా కథానాయిక వంద పేజీలుగా ఎదురుచూస్తూనే ఉంది. చోటు మారలేదు, అందుకే కథ కదల్లేదు. ఆమెను కలహాంతరితను చేశాను. అంటే అతను వచ్చాడు, వచ్చినవాణ్ణి ఆమె మాటలతో గాయపరిచి పంపేసింది. తప్పు ఇప్పుడు ఆమెది. అక్కడి నుంచి అభిసారిక అయ్యేదాకా, అంటే అభిమానం చంపుకుని తానే అతని గుమ్మం ఎక్కేదాకా నూట ఇరవై పేజీలు ఆగకుండా వచ్చాయి. ఇవి మగవాళ్ళకూ వర్తిస్తాయి. పోట్లాడి పంపేసి రాత్రంతా ఫోను చూస్తూ కూర్చునే మగవాణ్ణి రాసి చూడండి.

నాట్యశాస్త్రంలోనే ఇంకో మంచి సాయం ఉంది, సాత్త్విక భావాలు. స్తంభం (కొయ్యబారిపోవడం), స్వేదం (చెమట), రోమాంచం, స్వరభంగం (గొంతు పెగలకపోవడం), వేపథువు (వణుకు), వైవర్ణ్యం (ముఖం రంగు మారడం), అశ్రువు (కన్నీరు), ప్రళయం (స్పృహ తప్పడం). మనసులో ఉన్నదాన్ని మనిషి దాచుకుందామన్నా ఒంట్లోంచి బయటపడిపోయే ఎనిమిది గుర్తులు. "ఆమెకు అతనంటే ఇష్టం కలిగింది" అని మీరు రాయబోతున్నప్పుడు ఆగి, ఈ ఎనిమిదిలో ఏది బయటపడుతుందో ఆలోచించండి. నేను ఎక్కువగా వాడుకునేది స్వరభంగం. కోర్టులో గంటసేపు తడబడకుండా వాదించే లాయరు, ఆమెను "మంచినీళ్ళు కావాలా?" అని అడగబోయి గొంతు పెగలక ఆగిపోతే, చదివేవాళ్ళకు ఇంక వేరే చెప్పక్కర్లేదు.

పాత్రలకు వృత్తి ఇచ్చేటప్పుడు పేరుకు ఏదో ఒకటి ఇవ్వకండి. ఆ పని చేసేవాళ్ళ పక్కన కొన్ని రోజులు కూర్చోండి. కొన్నేళ్ళ కిందట సైగభాష ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసే ఒకావిడతో నాలుగు రోజులు గడిపాను. నేను వెళ్ళింది వాతావరణం కోసం. గది ఎలా ఉంటుంది, ఎవరు ఎక్కడ కూర్చుంటారు, చేతులు నొప్పెడితే ఏం చేస్తారు, ఇలాంటివి తెలుసుకుందామని. రెండో రోజు ఆవిడ మాటల్లో ఒక నియమం చెప్పారు. ఇంటర్‌ప్రెటర్ "ఆయన ఇలా అంటున్నారు" అని చెప్పకూడదట. ఎవరి మాట చెప్తుంటే వాళ్ళ తరఫున "నేను" అనే చెప్పాలి. సొంత మాట కలపకూడదు, ఉన్న మాట తీసేయకూడదు, విన్నది బయట ఎక్కడా చెప్పకూడదు.

ఆ రాత్రి నోటుబుక్కులో ఒకే లైను రాశాను. "వేరే అతని తరఫున ఆమె ముందు కూర్చుని 'నేను నిన్ను ప్రేమిస్తున్నాను' అని తన చేతులతో చెప్పాల్సి వచ్చిన మనిషి. అది ఆ ఇంటర్‌ప్రెటర్ సొంత మాట కూడా." అడ్డు కోసం నేను వెతుక్కోవాల్సిన అవసరమే రాలేదు, ఆ వృత్తి ధర్మంలోనే ఉంది. అతను నోరు విప్పితే నియమం తప్పుతాడు, విప్పకపోతే ఆమెను పోగొట్టుకుంటాడు. ఆ నవల ఏడు నెలల్లో పూర్తయింది. నా పుస్తకాల్లో నాకు ఇప్పటికీ అన్నిటికంటే దగ్గరైనది అదే. ప్రతి వృత్తిలోనూ చేయకూడనిది ఏదో ఒకటి ఉంటుంది. ఆ పని చేసేవాళ్ళను ముందు దాని గురించే అడగండి.

తెలిసినవాళ్ళ జీవితాలు వాడుకోవడం గురించి మీరు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. నా రెండో నవలలో ఒక దగ్గరి స్నేహితురాలి కథ రాశాను. పేర్లు మార్చాను, ఊరు మార్చాను, సరిపోతుందనుకున్నాను. ఒక రాత్రి తను ఏడుస్తూ నాతో చెప్పిన ఒక మాట మాత్రం ఉన్నదున్నట్టు పెట్టాను, ఎందుకంటే అంతకంటే మంచి మాట నాకు తట్టలేదు. తను చదివింది. రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. తర్వాత కలిసినప్పుడు, "కథ రాశావని బాధ లేదు, ఆ మాట ఆయనకు కూడా నేను చెప్పలేదు, నీకొక్కదానికే చెప్పాను" అంది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. అప్పటి నుంచి నాదొక పద్ధతి. అవతలి వాళ్ళ జీవితం నుంచి భావం తీసుకుంటాను, సంఘటన తీసుకోను. వయసు, వృత్తి, గొడవకు కారణం, ఈ మూడూ మారిపోవాలి. మాటలు నావే అయి ఉండాలి. నిజంగానే ఒకరి అనుభవం యథాతథంగా కావాల్సి వస్తే, రాయకముందే వెళ్ళి అడుగుతాను. వద్దంటే మానేస్తాను.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న, ప్రేమ అనుభవం గురించి. మీరు ఆ ప్రశ్నను కొంచెం సిగ్గుపడుతూ అడిగినట్టు అనిపించింది. సిగ్గుపడాల్సింది ఏం లేదు. ప్రేమకథలో మనం రాసేవన్నీ ప్రేమలోనే పుట్టినవి కావు. ఎదురుచూపు, అసూయ, తప్పు చేశానన్న బాధ, క్షమాపణ చెప్పలేని మొండితనం, ఒక మనిషి అడుగుల చప్పుడు గుర్తుపట్టడం, ఇవన్నీ మీకు తెలిసినవే. నేను రాసిన ఎదురుచూపుల్లో పాఠకులు ఎక్కువగా ఉత్తరాలు రాసింది ఒక సీను గురించి. కథానాయిక రాత్రంతా మెట్ల మీద కూర్చునే సీను అది. నేనది రాసింది మా నాన్నగారి బయాప్సీ రిపోర్టు కోసం ఎదురుచూసిన మూడు రోజుల్లోంచి. చిన్న చప్పుడైనా ఉలిక్కిపడటం, గడియారం చూడకూడదనుకుని చూడటం, పక్కవాళ్ళు మామూలుగా నవ్వుతుంటే కోపం రావడం, అన్నీ అక్కడివే. మీరు ఎవరి కోసమో ఒకరి కోసం అలా ఎదురుచూసే ఉంటారు. దాన్ని తెచ్చుకోండి.

రాసే పద్ధతి గురించి చెప్పడానికి తక్కువే ఉంది. ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూనే పొద్దున్న అయిదున్నరకు బల్ల ముందు కూర్చునేవాడు. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల లెక్కన రాసేవాడు. 1883లో వచ్చిన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. నాకు అంత వేగం ఎప్పుడూ లేదు. ఉద్యోగం చేసిన పద్నాలుగేళ్ళూ అయిదు నుంచి ఆరున్నర వరకు రాశాను, రోజుకు 400 మాటలు, వారానికి అయిదు రోజులు. లెక్క వేసుకోండి. వారానికి 2000, అరవై వేల మాటల నవలకు ముప్ఫై వారాలు. ఇప్పుడు రోజంతా నాదే అయినా ఆ 400 దాటి పెద్దగా రాయను. మిగతా టైము చదవడానికి, తిరగరాయడానికి. సంభాషణలు మాత్రం పైకి చదివి ఫోన్‌లో రికార్డు చేసుకుని, సాయంత్రం నడుస్తూ వింటాను. ఇద్దరూ ఒకేలా మాట్లాడుతుంటే కంటికి తెలియదు, చెవికి వెంటనే తెలుస్తుంది.

ఈ రోజుల్లో అడ్డు కట్టడం మునుపటికంటే కష్టమని కూడా తెలుసుకోవాలి. ఉత్తరం చేరలేదు, చిరునామా పోయింది, అబద్ధం చెప్పి ఎవరో విడదీశారు, ఇలాంటివి ఇప్పుడు నిలబడవు. ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే అపార్థం మీద నవల కట్టకండి. చదివేవాళ్ళకు "ఫోన్ చేసి అడగొచ్చుగా" అనిపించిన క్షణం మనల్ని వదిలేస్తారు. కానీ ఫోన్ కొత్త బాధలు కూడా ఇచ్చింది. మెసేజ్ చూశారని తెలుస్తుంది, జవాబు రాదు. "టైపింగ్" అని కనిపిస్తుంది, కాసేపటికి మాయమవుతుంది. విరహోత్కంఠితకు ఇంతకంటే నరకం ఏముంటుంది! వీటిని వాడుకోండి.

ఇంకొక్క మాట, ముగింపు గురించి. ప్రేమనవల తీసుకున్న పాఠకురాలికి మనం ముందే ఒక మాట ఇచ్చినట్టే. 1980లో మొదలైన అమెరికా రొమాన్స్ రచయితల సంఘం కూడా నిర్వచనంలో రెండే అడిగింది, కథకు కేంద్రం ప్రేమ కావాలి, ముగింపు మనసు నింపి ఆశ మిగల్చాలి. ఇద్దరూ కలుస్తారని ఆమెకు తెలుసు. ఎలా కలుస్తారన్న దాని కోసమే చదువుతుంది. కాబట్టి ఆ అడ్డు ఎలా తొలగుతుందన్నది చాలా ముఖ్యం. ఇంగ్లిష్ నవలాకారిణి జేన్ ఆస్టిన్ 'పర్స్యుయేషన్' నవలను 1816 జులైలో ముగించేసింది. ఆ ముగింపులో కథానాయకుడికి వేరేవాళ్ళు ఒక పని అప్పజెప్తారు, ఆ పని మీద కథానాయికను ఒక విషయం అడగాల్సి వస్తుంది, ఆ మాటల్లో ఇద్దరూ కలిసిపోతారు. ఆస్టిన్‌కది తృప్తినివ్వలేదు. కొద్ది వారాల్లోనే తిరగరాసింది. కొత్త ముగింపులో కథానాయిక ఇంకొకరితో, ఆశ పోయాక కూడా ఆడవాళ్ళు ప్రేమిస్తూనే ఉంటారని వాదిస్తుంటే, అదే గదిలో ఏదో రాసుకుంటున్న కథానాయకుడి చెవిన పడుతుంది. అతను అక్కడికక్కడే ఆమెకు ఉత్తరం రాసి ఆమె ముందు పెట్టి వెళ్తాడు. మొదటి దాంట్లో పరిస్థితి వాళ్ళను కలిపింది. రెండో దాంట్లో వాళ్ళే కలిశారు, ఎనిమిదేళ్ళుగా మింగుకున్న మాట ఇద్దరి నోటా బయటికొచ్చింది. రద్దు చేసిన ఆ పాత అధ్యాయాల రాతప్రతి ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అచ్చయిన ఆమె నవలల్లో రాతప్రతి మిగిలింది ఆ కాస్తకే. అప్పటికే ఆమె ఆరోగ్యం బాగాలేదు, మరుసటి ఏడాదే చనిపోయింది. అలాంటి స్థితిలోనూ "ఇది చాల్లే" అనుకోలేదు. తిరగరాయడానికి ఒళ్ళు బరువైనప్పుడల్లా నేను ఆమెనే తలుచుకుంటాను.

మళ్ళీ మీ బస్సు దగ్గరికి వద్దాం. ఏడాదిగా వాళ్ళెందుకు మాట్లాడుకోలేదు? సిగ్గు అంటే సరిపోదు, సిగ్గు ఒక నెలలో పోతుంది. నాకు తోచింది చెప్తాను, నచ్చితే తీసుకోండి. అతని మెడలో ఐడీ కార్డు ఉంటుంది, రోజూ పక్కనే కాబట్టి అతని పేరూ కంపెనీ పేరూ ఆమెకు తెలుసు. ఆమె చేసేది కంపెనీలకు ఖర్చు ఎక్కడ తగ్గించుకోవాలో చెప్పే సంస్థలో ఉద్యోగం. మొదట్లో మొహమాటం. పలకరిద్దామని ధైర్యం తెచ్చుకున్న వారంలోనే అతని కంపెనీ పని ఆమె బల్ల మీదికి వచ్చింది. ఉద్యోగంలోంచి తీసేయాల్సినవాళ్ళ లిస్టు, అతని పేరుతో సహా, టైపు చేసింది ఆమే. బయట చెప్పకూడదని సంతకం పెట్టింది. ఇప్పుడు పలకరిస్తే దాచాలి, దాచకపోతే తన ఉద్యోగం పోతుంది.

అలాంటి ఆమె, అతను రాని రోజున బ్యాగు తీసి ఆ సీటు మీద పెట్టింది. బస్సు నిండిపోయింది. నిలబడలేక నిలబడ్డ ఒక పెద్దాయన వంగి, "బ్యాగు కాస్త తీస్తావా అమ్మా?" అన్నాడు. ఆమె ఏమంటుంది? "మనిషి వస్తారండి" అంటుందా? అతను రాడని ఈ బస్సు మొత్తానికి తెలిసింది ఆమెకొక్కదానికే. ఆ అబద్ధం నోట్లోంచి వచ్చేటప్పుడు ఆమె గొంతు ఎలా ఉంటుంది?

ఆ రెండు పేజీలు పక్కన పెట్టి, పెద్దాయన అడిగే చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. అతన్ని మాత్రం కనీసం నలభై పేజీల దాకా బస్సు ఎక్కనివ్వకండి.